గుమ్మడికాయ కుళ్ళిన తేదీ

మా ఊరి పురపాలక సంఘం వారు మొన్న ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి తప్పు చేయడం తప్పనిసరి చేశారు. అందరికీ కాదు. పెరట్లో కాయో కూరో పండించుకుంటూ, అందుకోసం మున్సిపాలిటీ వారి పెరటి కుళాయి వాడుకుంటున్న ఇళ్ళవారికి మాత్రమే.

ఈ పథకం ఎలా పుట్టిందంటే, కమిషనర్ గారు ఏదో చల్లటి కొండ మీద మూడు రోజుల శిక్షణకి వెళ్ళారు. అక్కడ ఒక పెద్దమనిషి, మనిషి తప్పుల నుంచే ఎదుగుతాడు అని చెప్పాడట. కమిషనర్ గారు నోటుపుస్తకంలో రాసుకున్నారు. కొండ దిగేటప్పటికి అది ఒక మంచి మాట. ఆఫీసు మెట్లెక్కేటప్పటికి పథకం. సాయంత్రానికల్లా దానికో విభాగం, రెండు కుర్చీలు, ఒక రబ్బరు స్టాంపు వచ్చేశాయి.

మా ఇంటి గోడకి అంటించిన కాగితంలో ఇలా ఉంది: "ఇందుమూలముగా పెరటి తోటల యజమానులు యావన్మందికీ తెలియజేయడమేమనగా, తప్పు లేనిదే అభ్యాసం లేదు, అభ్యాసం లేనిదే అభివృద్ధి లేదు. కావున ప్రతి కుటుంబము ఏప్రిల్ పదిహేనవ తేదీలోగా తమ తోటయందు కనీసము ఒక తప్పు చేసి, ఫోటో సహితముగా నమోదు చేయించుకొనవలెను. తప్పు చేయని కుటుంబములను అభ్యాసమునందు ఆసక్తి లేనివారిగా పరిగణించి, వారి పెరటి కుళాయి తొలగించబడును."

నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మానేశానంటే మర్యాదగా ఉంటుందని అలా అంటున్నాను. భాగహారంలో తప్పు చేశానని మా లెక్కల మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టి, ఇంకో బెత్తం తెమ్మని నన్నే పంపించారు. నేను అటునుంచి అటే మోటార్లకి తీగ చుట్టే కొట్లో చేరిపోయాను. ముప్పై నాలుగేళ్ళయింది, ఇంకా చుడుతూనే ఉన్నాను. తప్పులకి ఇంత గౌరవం వచ్చే రోజు ఉందని అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఓపిక పట్టేవాణ్ణి. ఈపాటికి ఏ కలెక్టరో అయ్యేవాణ్ణి.

రెండో తారీఖు పొద్దున్న పెరటి తోటల అభ్యాసాధికారి సుదర్శనం గారు మా ఇంటికొచ్చారు. నిన్నటిదాకా ఆయన దోమల విభాగం. వీధుల్లో పొగ కొట్టించేవారు. చేతిలో ఒక పలక ఫోను, మెడలో కార్డు, ముఖంలో కొత్త ఉద్యోగం.

మా పెరడు పెద్దదేం కాదు. రెండు మంచాలు వేస్తే మూడోది పట్టదు. ఒక మూల గుమ్మడి పాదు. ఆ పాదుకి ఒకే ఒక్క కాయ, అప్పటికి కొబ్బరికాయంత. పాదు నా భార్య నూకరత్నానిది. ఆవిడ పుట్టింది గోదారి మధ్య ఒక లంకలో. ఆ లంకని గోదారి ఏటా కొంచెం కొంచెం కోసుకుంటూ పోయి, ఆరేళ్ళ క్రితం మిగతాది కూడా మింగేసింది. ఆ మనుషులంతా తలో ఊరూ పోయారు. నూకరత్నం తెచ్చుకున్నది గుడ్డలో కట్టిన గుమ్మడి గింజలు. అంత తియ్యటి గుమ్మడి ఇంకెక్కడా లేదని ఆవిడ అంటుంది. పెళ్ళయిన కొత్తలో తిన్నాను కాబట్టి నేనూ కాదనను. కొన్ని గింజలు పుచ్చిపోయాయి, కొన్ని మొలవలేదు. చివరికి మిగిలింది ఈ పాదు, ఈ కాయ. ఇది ముదిరి పండితేనే మళ్ళీ గింజ. లేతగా పోయిందంటే ఆ లంకతో పాటే ఆ గుమ్మడీ పోయినట్టు.

సుదర్శనం గారు కుర్చీలో కూర్చుని, మీ తప్పు చెప్పండి అన్నారు, డాక్టరు నాలుక చూపించమన్నట్టు.

నా దగ్గర తప్పు లేకపోలేదు. బ్రహ్మాండమైనదే ఉంది. కిందటి ధనుర్మాసంలో మా పాదు విరగబూసింది. వీధిలో ఆడపిల్లలు గొబ్బెమ్మల మీదకి గుమ్మడి పూలు కావాలని వస్తే, పొడుగు కాడలున్న పెద్ద పెద్ద పూలన్నీ రోజూ కోసి పంచాను. కింద పిందె ఉన్న పూలు ఆడపూలు, అవి ముట్టుకోలేదు. ఉత్త కాడ ఉన్నవి ఎందుకూ పనికిరానివే కదా అనుకున్నాను. నెల రోజులు వీధిలో నాకంత మంచివాడు లేడు. నెల తరవాత పిందెలన్నీ ఒకటొకటే పసుపెక్కి రాలిపోయాయి. ఆ పొడుగు కాడలవి మగపూలనీ, వాటి పుప్పొడి తగలనిదే కాయ నిలవదనీ తరవాత విత్తనాల కొట్టాయన చెప్పాడు. ఈసారి మాఘంలో పాదు పెట్టి, మగపువ్వు కోసి నా చేత్తోనే ఆడపువ్వుకి రుద్దాను. ఈ కాయ నిలిచింది.

ఇదంతా చెప్తుంటే సుదర్శనం గారి ముఖం వెలిగిపోయింది. అచ్చంగా ఇలాంటి తప్పు కోసమే ప్రభుత్వం ఎదురుచూస్తోందన్నారు. వేలితో ఫోను మీద టకటకా కొట్టుకుంటూ, తారీఖు అడిగారు.

"డిసెంబరు, జనవరి అండి" అన్నాను.

ఆయన వేలు ఆగిపోయింది.

"అది కిందటి ఆర్థిక సంవత్సరపు తప్పండి అబ్బులు గారూ. ఈ ఏటికి బదలాయించే వీల్లేదు. ఈ ఏడాది తప్పు చెప్పండి."

"ఈ ఏడాది ఏ తప్పూ చెయ్యలేదండి. నేర్చుకున్నాను కదండీ."

"తప్పు లేకుండా నేర్చుకున్నట్టు మాకెలా తెలుస్తుందండి?"

నూకరత్నం కాఫీ తెచ్చి ఇస్తూ, మా ఆయన ఈ ఏడాది ఇంకా మూడొంతులుంది, తొందరేముంది, చేస్తాడులెండి అంది. నా మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది. కానీ గడువు పదిహేను. వేసవిలో మా బావి అడుగు కనిపిస్తుంది. కుళాయి పీకేశారంటే వారం రోజుల్లో పాదు ఎండిపోతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. సుదర్శనం గారు కాఫీ తాగి, ఆలోచించండి అని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి వీధి మారిపోయింది. జిల్లా నిపుణులు తయారుచేసిన తప్పుల షెడ్యూలు ఒకటి వచ్చింది. మొత్తం నలభై తప్పులు, నంబర్లతో. ఒక్కో వీధిలో ఒక తప్పు ఒక్క ఇంటివారే చేయాలి, రెండో ఇల్లు అదే చేస్తే కాపీ కింద లెక్క. మా వీధిలో తోటలున్న ఇళ్ళు కూడా నలభై. కాబట్టి తప్పుల కోసం పరుగులు మొదలయ్యాయి. నీళ్ళు పెట్టకపోవడం అనే ఒకటో నంబరు తప్పుని కిరాణా కొట్టు తాతబ్బాయి పట్టుకుపోయాడు. అతను మార్చి ఆఖరున తీర్థయాత్రకని వెళ్ళి, ఏప్రిల్లో తిరిగొచ్చేటప్పటికి తోటంతా మాడిపోయి ఉంది. ఏడవబోతుంటే పథకం సంగతి తెలిసింది. అతనికి ఉత్తమ అభ్యాసకుడు అని శాలువా కప్పారు. కమ్యూనిటీ హాల్లో నిలబడి, ఎండిన బెండ మొక్క చేతిలో పట్టుకుని, తను ఎంత నేర్చుకున్నదీ గంటసేపు చెప్పాడు. రెండోసారి ఏమన్నా నాటారా అని ఎవరో అడిగితే, ఇంకా నేర్చుకుంటున్నాను అన్నాడు.

ఎక్కువ నీళ్ళు పెట్టడం, ఎక్కువ ఎరువు వేయడం, నీడలో నాటడం నాలుగో తారీఖుకే అయిపోయాయి. ఆరో తారీఖుకి మర్యాదస్తులు కూడా దొడ్డిదారిన టీ కొట్టు దగ్గరికి చేరి, మీకు ఏం దొరికింది, మాకు ముప్పై రెండు దొరికింది అని గుసగుసలాడుకునేవారు. ఎదురింటి పెద్దావిడ వంగ మొక్కకి చల్లారని గంజి పోసి ఫోటో దిగింది. పక్క సందులో ఒకాయన కాకర పందిరికి కిరసనాయిలు చల్లి, అది చాలా నాణ్యమైన తప్పు అని ప్రశంసాపత్రం తెచ్చుకున్నాడు.

మున్సిపల్ ఆఫీసు ఆవరణలో తప్పుల నమూనా తోట కూడా పెట్టారు, ప్రజలు చూసి నేర్చుకోవడానికి. శాస్త్రీయంగా షెడ్యూలులో ఉన్న తప్పులన్నీ ఒకే మడిలో చేశారు. దున్నలేదు, గట్టు వెయ్యలేదు, ఊరి చెత్తంతా తెచ్చి గుట్ట పోశారు, గింజలు విసిరేసి వెళ్ళిపోయారు. నెలన్నర తిరిగేసరికి ఆ చెత్తలో గుమ్మడి తీగ ఏనుగులా లేచింది. కమిషనర్ గారి కారు షెడ్డెక్కి రెండో వైపు దిగింది. పదకొండు పిందెలు. పత్రికల వాళ్ళు రాకముందే దాన్ని పీకించి, తోటమాలికి మెమో ఇచ్చారు. తప్పు జరగకుండా నువ్వు చేసిన తప్పేమిటో మూడు రోజుల్లో తెలియజేయవలెను అని. పాపం అతను చేసిందల్లా, పక్క మొక్కలకి పోయగా మిగిలిన నీళ్ళు జాలిపడి దానికి పోయడం.

అదంతా తరవాతి మాట. ఏప్రిల్ తొమ్మిదో తారీఖున సుదర్శనం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ముఖంలో కొత్త ఉద్యోగం లేదు. వీధిలో ముప్పై తొమ్మిది ఇళ్ళు తప్పులు చేసేశాయి, నేనొక్కణ్ణే మిగిలాను. నూటికి నూరు శాతం రాకపోతే తనని మళ్ళీ దోమల్లోకి పంపిస్తారని ఆయన భయం. మంచాన్ని దగ్గరికి లాక్కుని కూర్చుని, చిన్న కత్తితో తీగ మొదట్లో ఒక్క గాటు పెడితే అందమైన తప్పవుతుంది, నేను ప్రత్యేక కేసు కింద రాస్తాను అన్నారు.

నూకరత్నం చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"మా లంకని కోసేటప్పుడు గోదారి కూడా ఎవరినీ అడగలేదు బాబూ. మీరు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. ఆ పాదు మీద కత్తి పెట్టినవాళ్ళు ఎవరైనా సరే, ఈ గుమ్మం తొక్కక్కర్లేదు."

ఎవరైనా సరే అన్నప్పుడు ఆవిడ నా వైపు చూసింది. సుదర్శనం గారు లేచారు. నేను వీధి చివరిదాకా ఆయనతో నడిచాను. ఆయనది కూడా ఉద్యోగమే కదా అనిపించింది. నడుస్తూ షెడ్యూలులో ఇంకేమైనా మిగిలిందేమో చూడమన్నాను. ఆయన ఫోను తిప్పి, ఒకటుంది, పదిహేడు అన్నారు.

పదిహేడో నంబరు: లేత కాయను చూపుడు వేలితో చూపించుట.

నిపుణులు ఊళ్ళ మీద పడి ముసలమ్మల దగ్గర తప్పులు సేకరించినప్పుడు దొరికింది. మా వైపు ఇది తెలియనివాళ్ళు లేరు. పిందెని వేలు పెట్టి చూపిస్తే కుళ్ళి రాలిపోతుంది. చూపించాల్సి వస్తే వేలు మడిచి, కణుపుతో చూపించాలి. అందుకే పదిహేడు మిగిలింది. కిరసనాయిలు చల్లిన మహానుభావుడు కూడా దాని జోలికి పోలేదు.

నాకు అలాంటి నమ్మకాలు లేవు. పిందెలు ఎందుకు రాలతాయో విత్తనాల కొట్టాయన నాకు చెప్పాడు. వేలికీ కాయకీ మధ్య తీగ లేనప్పుడు కరెంటు ఎలా పోతుంది? నేను మోటార్ల పనివాణ్ణి. ఇంతకన్నా చవకైన తప్పు ఊరు మొత్తం మీద లేదనుకున్నాను. కాకపోతే నూకరత్నం లేనప్పుడు చెయ్యాలి.

పద్నాలుగో తారీఖు పొద్దున్న ఆవిడ రేషను కొట్టుకి వెళ్ళింది. సుదర్శనం గారు దడి పక్కనుంచి వచ్చారు, మేమిద్దరం ఏదో దొంగతనానికి వచ్చినట్టు. నేను పాదు దగ్గర గొంతుక్కూర్చుని కాయ వైపు చెయ్యి చాపాను. ఆయన ఫోటో తీసి, చూసి, తల అడ్డంగా ఊపారు.

"వేలు మడిచారండి."

చూసుకుంటే నిజమే. కణుపుతో చూపిస్తున్నాను. ఇరవై ఆరేళ్ళ కాపురం. మళ్ళీ చాపాను. మళ్ళీ మడుచుకుంది. నేను కాదు, వేలే మడుచుకుంటోంది. మూడో ఫోటో కూడా కంప్యూటరు తిప్పికొట్టింది, తప్పు అసంపూర్ణం అని. ఆఖరికి ఎడమ చేత్తో కుడి చేతి వేలు పట్టుకుని తిన్నగా లాగి, కాయ వైపు ఉంచాను.

ఫోటో పడింది. తల ఎత్తితే దడి దగ్గర నూకరత్నం నిలబడి ఉంది. చేతిలో రేషను సంచి. సంచి అరుగు మీద పెట్టి, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

సుదర్శనం గారు గొంతు తగ్గించి, అయిపోయిందండి, కుళాయికి ఢోకా లేదు అన్నారు. ఫోను నాకు చూపించారు. తప్పు అని ఆయన నొక్కగానే మిగతా గళ్ళు వాటంతటవే నిండాయట. ఫలితం: కాయ కుళ్ళినది. కుళ్ళిన తేదీ: ఏప్రిల్ పద్నాలుగు. నేర్చుకున్న పాఠం: ఇకమీదట వేలు చూపరాదు.

"కాయ కుళ్ళలేదు కదండీ, అదిగో ఉంది" అన్నాను, వేలు మడిచే.

"షెడ్యూలు ప్రకారం కుళ్ళిందండి" అన్నారు ఆయన, ఓదారుస్తున్నట్టు.

ఆ తరవాత మా ఇంట్లో మాటలు లేవు. నూకరత్నం అన్నం పెట్టేది, కానీ వడ్డించానని గోడకి చెప్పేది. నీళ్ళు వస్తున్నాయని కుళాయికే చెప్పేది. పొద్దున్నే పాదు దగ్గరికి వెళ్ళి, కాయ చుట్టూ చూసి, కింద ఎండుగడ్డి సర్ది వచ్చేది. ఆవిడ లోపలికెళ్ళాక నేను వెళ్ళేవాణ్ణి. బొటనవేలితో మెల్లగా నొక్కి చూసేవాణ్ణి. మెత్తబడిందా, తొడిమ దగ్గర నల్లబడిందా అని. ఒకరోజు అడుగున పసుపు మచ్చ కనిపించింది. ఆ రోజు కొట్లో రెండు మోటార్లకి తీగ తప్పు చుట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే, అది నేలకి ఆనిన చోట పడే మచ్చే. నమ్మకం లేనివాడు రోజూ పొద్దున్నే అలా నొక్కి చూడకూడదు. అది నాకూ తెలుసు.

కాయ కుళ్ళలేదు. పెరిగింది. మే నెల మొదటి వారానికి తిరగలి రాయంత అయ్యింది. ఆకుపచ్చ పోయి నారింజ రంగు తిరుగుతోంది. ఇంకో పది రోజులుంటే గింజ గట్టిపడుతుంది అనుకుంటుండగా, నేర్చుకున్న వారిని స్వయంగా అభినందించడానికి కమిషనర్ గారు వస్తున్నారని కబురు.

వచ్చారు. వెనక ఫోటోగ్రాఫరు, సుదర్శనం గారు, ఇంకో నలుగురు. నాకు ప్రశంసాపత్రం ఇవ్వబోతూ కమిషనర్ గారు మూలకి చూశారు. అక్కడ అది, పదిమంది కూర్చుని తినేంత గుమ్మడికాయ.

"అది ఏమిటి?" అన్నారు.

నూకరత్నం వంటింటి గుమ్మంలోంచి వచ్చి పాదు పక్కన నిలబడింది.

"సార్, అది ఏప్రిల్ పద్నాలుగున కుళ్ళిందండి" అన్నారు సుదర్శనం గారు.

కమిషనర్ గారు ఒక నిమిషం కాయని చూశారు, ఒక నిమిషం కాగితాన్ని చూశారు. రికార్డుకి విరుద్ధంగా క్షేత్రస్థాయిలో వస్తువు ఉండడం క్రమశిక్షణారాహిత్యం, వెంటనే కోసి తొలగించండి అన్నారు. ఒకతను ముందుకి వచ్చాడు. నూకరత్నం కదల్లేదు. నేను కూడా వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు గానీ, నిలబడేందుకు కొంచెం చోటిచ్చింది.

అప్పుడు సుదర్శనం గారు చేతులు కట్టుకుని అన్న మాటలకి నేను ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

"చిత్తం సార్. కోయాలంటే ముందు కాయ ఉన్నట్టు రాయాలండి. ఉన్నట్టు రాస్తే కుళ్ళినట్టు రాసింది తప్పవుతుందండి. దాని కింద తమరి సంతకం ఉంది సార్."

పెరట్లో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు.

"చూడు సుదర్శనం. తప్పులు ప్రజలు చేయాలి. అది వారి హక్కు, వారి అభివృద్ధి. ఆఫీసు చేయదు. చేసిన దాఖలా లేదు."

"లేదండి."

"కాబట్టి ఇక్కడ ఏమీ లేదు."

"ఏమీ లేదు సార్."

అని తీర్మానమయ్యాక, కమిషనర్ గారు ఆ లేని కాయకి తగలకుండా ప్యాంటుని పంచెలా చేత్తో కాస్త ఎత్తిపట్టుకుని, చుట్టూ తిరిగి బయటికి నడిచారు. ఫోటోగ్రాఫరు ఎటు తిప్పినా కాయ పడుతోందని సణుగుతుంటే, లేనిది ఎలా పడుతుందయ్యా అని కసిరారు. పత్రికలో వచ్చిన ఫోటోలో నేను మోకాళ్ళ దాకా ఉన్నాను. కింద భాగం కత్తిరించేశారు.

పది రోజులాగి కాయ కోశాం. తొడిమ ఎండి బెరడు కట్టింది. నూకరత్నం కత్తిపీట వేసుకుని కూర్చుంది. కత్తి దిగలేదు, నేను పట్టుకుని నొక్కాల్సి వచ్చింది. రెండు చెక్కలయ్యేసరికి లోపల పండిన పసుపు, ఆ వాసన. ఆవిడ చాలాసేపు చెయ్యి పెట్టలేదు. తరవాత గింజలన్నీ తీసి, బూడిదలో రుద్ది, చాట మీద ఒకటొకటిగా పరిచింది. పరవడం అయ్యాక, ముప్పై మూడు రోజుల తరవాత మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది. వేలు ఎంతసేపు ఉంచావు అని అడిగింది. ఫోటో పడేదాకా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఎడమ చేత్తో పట్టుకుని లాగావు కాబట్టి సరిపోయింది, లేకపోతేనా అంది. నేను కాదనలేదు.

సాయంత్రం సుదర్శనం గారు వచ్చారు. ఆఫీసు పని కాదన్నారు. కార్డు మెడలో లేదు. వాళ్ళావిడ పంపిందని ఒక గుడ్డ సంచి తీసి, ఉన్నట్టు ఎక్కడా రాయక్కర్లేదు గానీ ఒక ముక్క ఇస్తారేమో అని నసిగారు. నూకరత్నం ఒక ముక్క కాదు, పావు చెక్క కోసి సంచిలో పెట్టింది. బెల్లం తక్కువ వెయ్యమని, ఇది దానంతటదే తియ్యగా ఉంటుందని వాళ్ళావిడకి చెప్పమంది.

ఆయన సంచి భుజానికి తగిలించుకున్నారు. అయినా కదల్లేదు. చాట మీద గింజలకేసి చూస్తున్నారు. మా క్వార్టర్స్ వెనక కూడా కొంచెం చోటుంది, ఒక నాలుగు గింజలు ఇస్తే అన్నారు.

నూకరత్నం చాట మీద కొంగు కప్పింది.

"అదేంటి బాబూ, కుళ్ళిపోయిన కాయకి గింజలెక్కడివి?"